కప్ప కారుకు జీపు షాకప్‌లు

పిట్టకు పెట్టిన రోజు మా బావ మమ్మల్నందరినీ ఎండలో చాలాసేపు నిలబెట్టాడు. ఆయన పోయిన మూడో రోజు మంజీర ఒడ్డున, విస్తరాకులో ఆయనకిష్టమైనవన్నీ వడ్డించి, దూరంగా జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాం. కాకి రాకపోవడం కాదు, వచ్చింది. వచ్చి ఒక మెతుకు ముట్టీ ముట్టనట్టు ముట్టి, ఎగిరి జీపు బానెట్ మీద వాలింది. అక్కడా ఉండలేదు. తుమ్మకొమ్మ మీదికి, కొమ్మ మీంచి మళ్లీ విస్తరి అంచుకు, అక్కడి నుంచి ఇసుకలోకి. ముట్టిందా ముట్టలేదా అని పెద్దమనుషులు వాదులాడుకుంటున్నారు. కర్ర ఊతంగా నిలబడ్డ మా అక్క, అంటే ఆయన భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ముట్టింది తియ్యిండ్రి. ఆయనే అది. కూసొని ఎన్నడు తిన్నడు?" అంది. ఏడవాల్సిన చోట అక్కాచెల్లెళ్లం ఇద్దరం నవ్వాం. చూసినవాళ్లు ఏమనుకున్నారో నాకక్కర్లేదు.

బావకు బాన్సువాడ పక్కన వరి, చెరకు పండే పొలాలుండేవి. ఎప్పుడు పుట్టాడు, ఎంత సంపాదించాడు అనే లెక్కలు ఆస్తి పంచుకునేవాళ్లకు కావాలి. నాకెందుకు? నాకు గుర్తున్నది ఆయన కుదురులేనితనం. కాలుగాలిన పిల్లి అనే మాట మా అల్లుణ్ణి చూసే పుట్టిందని మా అమ్మ అనేది. అన్నం పళ్లెం చేత పట్టుకుని వాకిలంతా తిరుగుతూ తినేవాడు. పప్పన్నం ఎడ్ల కొట్టం దగ్గర మొదలైతే పెరుగన్నం గేటు దగ్గర అయిపోయేది. ఎవరింటికైనా పోతే మర్యాద కోసం కుర్చీలో కూర్చునేవాడు గానీ మోకాలు ఊగడం ఆగేది కాదు. బల్ల మీద చాయ్ కప్పు సాసరులో గలగలలాడేది. పెళ్లిళ్లకు అందరికన్నా ముందు పోయి, తాళి కట్టకముందే తిరిగొచ్చేవాడు. తొందరలో ఎవరిదో చెప్పు ఒక కాలికి, తనది ఒక కాలికి వేసుకొచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

నేను బాన్సువాడలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పుకుంటూ, వాళ్లింటి పక్కనే గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. కాబట్టి ఆయన ఊగులాటంతా నా కళ్లముందే జరిగింది. ఇంకో పిచ్చి కూడా ఉండేది ఆయనకు. నొక్కితే దిగి లేచేలా కనిపించిన ప్రతిదాన్నీ అరచేత్తో గట్టిగా నొక్కి, టక్కున చెయ్యి తీసేసేవాడు. జీపుల బానెట్లు, నవారు మంచాలు, బస్సు సీట్లు, ఒకసారి మా హెడ్‌మిస్ట్రెస్ గదిలో కొత్తగా తెచ్చిన మెత్త కుర్చీ. చెయ్యి తీసి, అది ఎలా పైకి లేస్తుందో కళ్లు చిన్నవి చేసుకుని చూసేవాడు. "లేస్తే ఒక్కసారి లేవాలె, కుదురుకోవాలె. మళ్లమళ్ల లేస్తుందంటే షాకప్ పోయినట్టే" అనేవాడు. బండి గుంతలో పడి లేచినప్పుడు ఆ ఊపును మింగి బండిని నిలబెట్టేదే షాకప్ అని నాకు పాఠం చెప్పాడు.

"మరి నీకు షాకప్ ఎప్పుడు పోయింది బావా?" అని అడిగాను.

"నాకు పెట్టనే లేదు పంతులమ్మా. దేవుడు మర్సిపోయి గట్లనే తోలిండు" అన్నాడు, అప్పటికే గేటు దాటుతూ.

పిట్లంలో నాకొక సంబంధం చూడబోయినప్పుడు, కూర్చోమని చూపించిన సోఫాను కూర్చోకముందే నొక్కాడు. అది మూడుసార్లు లేచింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "కొత్త సోఫకే గతి లేదు. ఇగ ఆ మనుషులు దేంట్ల గట్టిగుంటరు? వద్దు పో" అని తేల్చేశాడు. ఆ పెళ్లికొడుకు తర్వాత రెండు చిట్టీలు ముంచి పారిపోయాడు. బావ జోస్యం చెప్పినట్టు అందరికీ చెప్పుకుని తిరిగాడు, అందులో సోఫా పాత్ర ఎంతో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

తొంభైల మొదట్లో అనుకుంటాను, చెరకు తోలుకుని ఫ్యాక్టరీకి పోయినవాడు, వచ్చేటప్పుడు ట్రాక్టర్ వెనక ఒక కారును కట్టుకుని వచ్చాడు. అక్కడ ఎవరో పాత ఇంజనీరు వదిలిపోయిన స్పోర్ట్స్ కారు. కోళ్లు అందులో గుడ్లు పెడుతుంటే అగ్గువకు ఇచ్చేశారట. రెండే తలుపులు, రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకు జానెడు ఎత్తు. ఇంగ్లండులో పెట్టిన పేరు ఏదో ఉంది గానీ ఎవరికీ నోరు తిరగలేదు. ముందున్న గుడ్ల దీపాలు చూసి ఊళ్లో పిల్లలు కప్ప కారన్నారు, అదే ఖాయమైంది. మా వైపు బండి అంటే మోసేది. ఎన్ని బస్తాలు పడతాయి అన్నది మొదటి ప్రశ్న, మిగతావన్నీ ఆ తర్వాత.

"గిండ్ల ఒక గడ్డిమోపు గూడ పట్టది. ఎందుకయ్యా ఇది?" అంది అక్క.

"ఉరుకుతందుకు" అన్నాడు బావ.

కొన్నేళ్లు బాగానే ఉరికించాడు. తర్వాత షాకప్‌లలో నూనె కారిపోయి, చిన్న రాయి ఎక్కినా కారు చాలాసేపు కిందికీ మీదికీ ఊగేది. తీసుకుపోయి ఎడ్ల కొట్టంలో పెట్టాడు. కోళ్లు మళ్లీ వచ్చాయి.

రెండు వేల సంవత్సరం దాటాక అక్క కాలువ గట్టు మీద జారి పడింది. వెన్నుపూస దెబ్బతింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి, నిటారుగా కూర్చోవద్దు, ఎక్కడా కుదుపు తగలొద్దు అని చెప్పి పంపించారు. రెండేళ్లు మంచంలోనే ఉంది. ఒక్కచోట నిలవలేని మనిషికి, ఉన్నచోటు నుంచి కదల్లేని భార్య. దేవుడికి కొంచెమైనా జాలి ఉందా అని నేను తిట్టుకోని రోజు లేదు. బావ మాత్రం ఆమెను ఒకచోట ఉండనివ్వలేదు. పొద్దున మంచం అరుగు మీద, పదింటికి వేపచెట్టు కింద, సాయంత్రం గేటు దగ్గర. నలుగురిని పిలిచి మంచంతో సహా మోయించేవాడు. "ఒక్క తీరుగ పెడితే మనిషికి బూజు పడ్తది" అనేవాడు. "నన్ను పండుకోనియ్యరా అయ్యా" అని అక్క మొత్తుకునేది.

ఒకరోజు ఏం తోచిందో ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకెళ్లి, కొట్టంలో ఉన్న కప్ప కారు సీట్లో వాల్చాడు. అందులో కూర్చుంటే కాళ్లు బారుగా ముందుకు చాపాలి, వీపు వెనక్కి వాలాలి. సగం కూర్చోవడం, సగం పడుకోవడం. అక్క ఊపిరి బిగబట్టింది. కాసేపటికి వదిలింది.

"నొస్తలేదయ్యా" అంది.

"నిజంగ? ఒట్టు?" అంటూ బావ కారు చుట్టూ తిరిగాడు, ఒక చుట్టు కాదు.

ఆ తర్వాత ఆ సీటే అక్కకు కుర్చీ. అందులోనే చాయ్ తాగేది, చిక్కుడుకాయ ఒలిచేది, జీతగాళ్లకు పనులు చెప్పేది. కారు కదలనంత వరకు బాగానే ఉంది.

వరస కరువుల తర్వాత ఒక ఏడు వానలు దంచికొట్టాయి. నిజాంసాగర్ నిండింది. గేట్లు లేపారని బస్సుల్లో వచ్చినవాళ్లందరిదీ అదే కథ. అక్కా నేనూ పుట్టింది ఆ ప్రాజెక్టుకు దగ్గర్లోనే, మహమ్మద్ నగర్ పక్కన. గేట్లు లేపిన రోజుల్లో ఆ హోరు మా ఇంటి గోడల్లోకి వచ్చేది, అది వింటూ పెరిగిన పిల్లలం. ఆ వార్త విన్న సాయంత్రం అక్క కారు సీట్లోంచి, ఎవరితోనూ కాదన్నట్టు, "ఒక్కసారి గా సప్పుడు ఇంటే బతికినట్టుంటుండె" అంది.

రెండేళ్లలో ఆమె అడిగిన మొదటి కోరిక అది. బావ మోకాలు ఊపడం ఆపి ఆమెను చూశాడు. ఎగువ నుంచి వచ్చే నీళ్లు తగ్గితే గేట్లు దించేస్తారు. ఈరోజో రేపో ఎవరూ చెప్పలేరు. జీపులో నిటారుగా కూర్చోలేదు, బస్సు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె కూర్చోగలిగింది ఒక్క కప్ప కారులోనే, దానికేమో షాకప్‌లు లేవు. మర్నాడు పొద్దున్నే, పాత షాకప్ ఒకటి విప్పి గోనెసంచిలో చుట్టుకుని, ఆదివారమని ఇంట్లో ఉన్న నన్ను కూడా లాక్కుని నిజామాబాద్ బస్సెక్కాడు. తువ్వాలేసి ఆపిన సీటు నాకిచ్చి, తను మెట్టు మీదే నిలబడ్డాడు.

ఆ ఏడు బోరు మోటారు రెండుసార్లు కాలిపోయి చేతిలో పైసల్లేవు. కాబట్టి అగ్గువది కావాలి, వెంటనే కావాలి. దుకాణదారు పాతదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పటేలా, గిసొంటిది కావాల్నంటే బొంబాయి నుంచి తెప్పియ్యాలె. పిరమైతది. నెల దినాలు పడ్తది."

"నెలనా? ఆ లోపల నిజాంసాగర్ నీళ్లన్ని గోదాట్ల కలుస్తయి."

"అయితే పాతదే ఇప్పి కొత్త నూనె పోసి ఇస్త. అగ్గువ. గని ఎన్నొద్దులుంటదో నన్నడగొద్దు."

"భరోస లేనిది నాకెందుకు సేటూ? అండ్ల కూసునేది నడుం ఇరిగిన మనిషి."

"ఇగ ఒక్కటే ఉంది. వేరే బండ్లయి, కొత్తయి, నీ దాని పొడుగుకు సరిపోయేటియి" అంటూ రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్న వ్యానుకు వేసేది, ఒకటి జీపుకు వేసేది. ధర ఇంచుమించు ఒకటే.

బావ వ్యానుదాన్ని నిలబెట్టి ఛాతీతో అదిమాడు. మెల్లగా లోపలికి పోయింది, మెల్లగా పైకొచ్చింది. జీపుదాన్ని అదిమాడు. మెడ నరాలు ఉబ్బాయి, అది రవ్వంత కదిలింది. బావ ముఖం వెలిగిపోయింది.

"సూడు పంతులమ్మా! దున్నపోతు లెక్క ఉంది. మన రోడ్లకు ఇదే కావాలె."

"నీ బండి తేలికదా, బరువుదా?" అని అడిగాడు సేటు.

"పది బస్తాలు మోసే ఎద్దు రెండు బస్తాలు మొయ్యదా ఏంది?" అన్నాడు బావ.

బాన్సువాడ నుంచి ఎవరిని పంపినా అదే మాట అనేవాళ్లు. గట్టిది ఉండగా మెత్తది కొన్నాడంటే ఊళ్లో నవ్వుతారు. మంచం కొన్నా, మోకు కొన్నా, అల్లుణ్ణి తెచ్చుకున్నా మాకు గట్టిదనమే కొలత. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు పెద్దలు; వ్యానుది ఇంకోసారి అదిమి చూసేంత ఓపిక కూడా లేకపోయింది ఆయనకు. జీపువి నాలుగు కట్టించుకుని, బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాం.

మర్నాడు మెకానిక్ వాటిని బిగించాడు. బడి నుంచి రాగానే బావ నా ముందు కారు బానెట్ నొక్కి చూపించాడు. అది అసలు దిగనే లేదు. "దిగితే కద లేస్తది!" అని మురిసిపోయాడు. అయినా పరీక్ష చెయ్యకుండా అక్కను ఎక్కించనన్నాడు. బిందె నిండా నీళ్లు నింపి, నన్ను అక్క సీట్లో కూర్చోబెట్టి, బిందె నా ఒళ్లో పెట్టి, కాలువ వంతెన దాకా పోదామన్నాడు. వీధి చివర చేరకముందే నా జాకెట్ తడిసింది. ఆ కారు ప్రతి గులకరాయికీ ఎగిరి దూకింది, పేరుకు తగ్గట్టు.

"ఆపు బావా! నా తానం పొద్దున్నే అయింది!" అని అరిచాను.

వంతెన దగ్గర ఆపి బిందెలోకి తొంగిచూశాడు. సగమే ఉన్నాయి. నేను నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. "పోయిన సగం నీళ్లు ఆమె నడుమే కదనే" అన్నాడు.

మళ్లీ నిజామాబాద్ పోయి మార్చుకొస్తానని బయల్దేరాడు. వాన ముంచెత్తి ఏదో వాగు పొంగింది, బస్సులు ఆగిపోయాయి. ఆ రోజంతా ఆయన అరుగు మీద తిరిగిన తిరుగుడుకు నాకు కళ్లు తిరిగాయి. చివరికి మంచం మీంచి అక్కే అంది:

"ఖాళీ ఎడ్లబండి ఎక్కినవా ఎన్నడన్న? ఎగిరెగిరి పండ్లు రాల్తయి. అదే బండిల వడ్లు నింపితే నిద్రొస్తది. జీపుయి తెస్తివి కద, జీపు మోసినంత బరువెయ్యి."

బావ ఆమెను చూశాడు, కారును చూశాడు, "ఓరి నా దేవుడా!" అని వడ్ల గదిలోకి ఉరికాడు. వెనక డిక్కీలో బస్తాలు, సీట్ల వెనక సందులో బస్తాలు. అక్క సీట్లో బిందెను తువ్వాలుతో కట్టి ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఈసారి చాలా తక్కువ ఒలికాయి. ఇంకా కొంచెం కావాలన్నాడు, ఇంక బస్తా పట్టే చోటు లేదన్నాడు. అంటూ నన్ను కిందినుంచి మీదికి చూశాడు. కాంటా ముందు బస్తాను అలాగే చూసేవాడు.

"నన్ను సూడకు బావా."

"పంతులమ్మా, నీ బరువెంతుంటదే?"

"బడిల ఎవరన్న గిట్లడిగితే బెత్తం ఇరగ్గొడ్త."

తిట్టుకుంటూనే ఎక్కి బస్తాల మీద కూర్చున్నాను. వంతెన దాకా పోయి వచ్చాం. బిందెలో నీళ్లు అలా కదిలాయంతే. బావ వీధిలో వేసిన ఈలకు కోళ్లన్నీ గోడెక్కాయి.

వాగు తగ్గి బస్సులు నడిచిన పొద్దున, అటు నుంచి వచ్చిన కండక్టర్‌ను అడిగితే గేట్లు లేచే ఉన్నాయన్నాడు. నేను బడికి సెలవు చీటీ పంపించాను. అక్కను ముందు సీట్లో వాల్చి, నడుము పక్కల దిండ్లు పెట్టి, నన్ను బస్తాల మీదికెక్కించి బయల్దేరాడు. ఇక చూడండి ఆయన్ను! గుంత కనిపిస్తే ఆపి, దిగి, దాని లోతు చూసి, మళ్లీ ఎక్కి, పక్కనుంచి పోనిచ్చాడు. సైకిలు మీద పాలవాడు మమ్మల్ని దాటిపోయాడు. గడ్డిమోపులు నెత్తిన పెట్టుకుని తండాకు పోతున్న ఆడవాళ్లు కారు పక్కనే నడుస్తూ అక్కతో ముచ్చట పెట్టారు.

"అక్కా, మాకంటె నిమ్మలంగ పోతుంది నీ మోటరు. దిగి మాతోని నడువరాదు?"

"నడిచెటట్టుంటే మీకు అందుతుంటినా నేను!" అంది అక్క. ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"బావా, జెర తొక్కు. అందరు దాటిపోతుండ్రు" అన్నాను నేను.

"పోనియ్యి" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. మోకాలు ఊగడం లేదు. స్టీరింగ్‌ను రెండు చేతులతో, నిండు గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ప్రాజెక్టు చేరేసరికి జనం ఎదురొస్తున్నారు. కట్ట మీద కాగితాలు, పల్లీ పొట్టు. గేట్ల కింద బండలు ఇంకా తడిగా మెరుస్తున్నాయి గానీ చప్పుడు లేదు. పల్లీలమ్మే అతను గంప సర్దుకుంటూ, "గిప్పుడే దించిండ్రమ్మా. జెర ముందొస్తే దొరుకుతుండె" అన్నాడు.

పుట్టినప్పటి నుంచి ఉరికిన మనిషి ఒక్కరోజు నిమ్మళంగా వచ్చాడు, ఆ ఒక్కరోజే ఉరకాల్సి ఉండె. బావ కారు దిగి తలుపు పక్కనే నేల మీద కూలబడ్డాడు. "మెత్తయి తెస్తే మొన్ననే వస్తుంటిమి. నేనే జేసిన. నాదే ఇదంత" అని తల పట్టుకుని ఏడ్చాడు. నాకు ఆయన మీద కోపం రావాలి, రాలేదు. అక్క నిండిన నీళ్లను చాలాసేపు చూసింది. గాలికి అలలు కట్టను తట్టే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"సప్పుడు లేకుంటే లేకపాయె. నీళ్లున్నయి కద. లెవ్వు" అంది.

తిరుగు దారిలో మళ్లీ అదే ఎడ్లబండి నడక. కొంత దూరం వచ్చాక అక్క, "జెర జల్ది పోనియ్యి" అంది.

"నీ నడుం?"

"నా నడుం నాతోనే ఉంది. నొస్తే నేనే చెప్త. జెర గాలి తగలనియ్యి."

భయం భయంగా గేరు మార్చాడు. ఇంకొంచెం. ఇంకొంచెం. బస్తాల బరువుకు కారు రోడ్డును కరుచుకుని పరుగు తీసింది. వరిచేలు ఇటు అటు వెనక్కి పోయాయి. అక్క కొప్పు ఊడిపోయింది, వెంట్రుకలు నా ముఖానికి తగులుతున్నాయి, ఆమె తలుపు మీంచి చెయ్యి బయటికి చాపి గాలిని పట్టుకుంటోంది. "నొస్తుందా?" అని ఆయన, "నొస్తుంది, పోనియ్యి" అని ఆమె. బాన్సువాడ వచ్చింది. మా వీధి మలుపు దగ్గర బావ వేగం తగ్గించాడు.

"ఆపకు" అంది అక్క.

"ఇల్లొచ్చిందే."

"నా ఇల్లు నాకు తెల్వదా? రెండేండ్ల సంది అదే సూస్తున్న. ఆపకు."

"మరి ఏడికి?"

అక్క మెడ తిప్పి ఆయన్ను చూసింది. "నువ్వు దినాం ఏడికి ఉరుకుతవో, గాడికే తీస్కపో" అంది.

బావ బ్రేకు మీంచి కాలు తీశాడు. ఇంటి గేటు పక్కనుంచి వెళ్లిపోయింది. "నాకు రేపు పరీక్ష పేపర్లున్నయి, దించుండ్రి!" అని నేను బస్తాల మీంచి మొత్తుకున్నాను, ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు. ఊరు దాటి, చెరకు తోటలు దాటి, చాలా దూరం పోయాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నాకు గూడ తెల్వదే" అన్నాడు.

"గట్లనా? అయితే తొక్కు, ఇద్దరం సూద్దాం" అంది అక్క.